పిల్ల నోరు విప్పిన తొలి ఐదు నిమిషాలు

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద తూముకుంట, శామీర్‌పేట దాటితే అలియాబాద్. ఇంకాస్త ముందుకు పోతే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. నేను ఈ పక్క బడుల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిననాడు ఇది రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. చేన్లు వెంచర్లయ్యాయి, ఊళ్ల చుట్టూ కంపెనీలు లేచాయి. ఇవాళ తరగతిలో ఒకే బెంచీ మీద ఇక్కడి రైతు బిడ్డ, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కూలీ బిడ్డ, మందుల కంపెనీ ఉద్యోగి బిడ్డ కూర్చుంటున్నారు. ముగ్గురి ఇళ్లలోనూ స్మార్ట్‌ఫోన్ ఉంది. అందులో పిల్లలు ఏం చూస్తున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో ముగ్గురి ఇళ్లలోనూ పెద్దలకు పూర్తిగా తెలియదు.

రిటైరయ్యాక చుట్టుపక్కల బడుల సిబ్బందిని కూర్చోబెట్టి, ఆన్‌లైన్‌లో పిల్లలకు వచ్చే ఆపదల గురించి చెప్పే పని పెట్టుకున్నాను. 2024 డీఎస్సీతో వేలమంది యువతీ యువకులు ప్రభుత్వ బడుల్లో చేరారు. ప్రైవేటు బడుల్లో ఏటా కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు. వాళ్లలో పెద్దవాళ్ల మాట వినే ఓపిక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసినవాటికంటే చేయలేకపోయినవే ఎక్కువ. పిల్లల ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చాను.

1. భయపడిన పిల్ల చెప్పదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. వర్క్‌షీట్లు పంపడానికి తరగతికొక వాట్సాప్ గ్రూపు పెట్టాం. పిల్లలెవరూ చదువుకు దూరం కాకూడదన్న తొందరలో, గ్రూపులో చేరే లింకును అడిగినవాళ్లకల్లా పంపాను. అది ఎవరెవరి చేతుల్లోకి పోయిందో నేను చూసుకోలేదు. తోటి విద్యార్థినంటూ ఎవడో ఒకడు అందులో చేరి, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామెతో మాట కలిపాడు. ముందు హోంవర్క్ ముచ్చట, తర్వాత ఫొటోలు, ఆ తర్వాత బెదిరింపులు.

బడులు మళ్లీ తెరిచాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. “సార్, ఒకటి చెప్తే కోపం చేయరు గదా?” అంది. నేను రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే “ఏం, ఫోన్‌లో ఏమన్నా చేసినవా?” అన్నాను. ఆ అమ్మాయి “ఏం లేదు సార్” అని వెళ్లిపోయింది. సంగతి నాకు తెలిసేసరికి నెలలు గడిచాయి. అప్పటికే ఇంట్లోవాళ్లు ఆమెను బడి మాన్పించారు. ఆమె నోరు విప్పడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుని వచ్చిందో ఇప్పుడు తలచుకుంటే నిద్ర పట్టదు.

అందుకే ఇప్పుడు ఏ బడికి పోయినా మొదటి గంట కంప్యూటర్ తెరవను. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు పిల్ల, ఒకరు టీచరు. పిల్ల చెప్పడం మొదలుపెట్టగానే టీచరు ఏమనాలి? చేతిలో పని పక్కన పెట్టాలి. “చెప్పి మంచిపని చేశావు” అనాలి. “ఇందులో నీ తప్పు లేదు” అనాలి. “ఫొటో ఎందుకు పంపావు”, “మీ అమ్మకు తెలుసా” అన్న మాటలు నోట రానివ్వకూడదు. “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వకూడదు కూడా, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోలేం. “నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్లకు మాత్రమే చెప్తాను, చెప్పేముందు నీకు చెప్తాను” అనాలి. వినడానికి ఇది తేలిక. చేయించి చూస్తే ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మాస్టార్లు కూడా రెండో వాక్యంలోనే గద్దిస్తారు. గద్దించడం మన వృత్తిలో అంతగా నాటుకుపోయింది. నోటికి కొత్త మాటలు అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయించడం తప్ప మరో దారి నాకు దొరకలేదు.

2. ఓటీపీ పాఠం పిల్లల పాఠం కాదు.

సైబర్ అవగాహన సదస్సు అనగానే మనవాళ్లు ఓటీపీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు, పాస్‌వర్డ్ బలంగా పెట్టుకోండి అని చెప్పి ముగిస్తారు. అవి పెద్దవాళ్ల డబ్బుకు అవసరమైన జాగ్రత్తలు. నేనూ మొదట్లో అవే చెప్పాను. పిల్లలకు ఎదురయ్యే ఆపదలను నాలుగు దిక్కుల నుంచి చూడాలని ఇంగ్లండ్ విద్యాశాఖ తన బడులకు చెబుతుంది. పిల్లలు ఏం చూస్తున్నారు, ఎవరు వాళ్లను కలుస్తున్నారు, వాళ్లే ఇతరులతో ఎలా ప్రవర్తిస్తున్నారు, వాళ్ల చేత డబ్బు ఎలా పెట్టిస్తున్నారు. మన బడులకు కూడా ఈ చట్రం సరిపోతుంది. వీటిలో రెండోదే అన్నిటికంటే తొందరగా ముదురుతుంది. మూడో దాని గురించి మాట్లాడటానికి మనకు మొహమాటం. తోటి పిల్ల ఫొటోను మార్చి గ్రూపులో పెట్టినవాడు కూడా మన బెంచీ మీది పిల్లవాడే.

3. గేటు దగ్గరి మనిషి కూడా బడి మనిషే.

ఒక బడిలో ఏడో తరగతి పాప తన కష్టాన్ని ఏ టీచరుకూ చెప్పలేదు. బస్సులో రోజూ తన పక్కన కూర్చునే ఆయమ్మకు చెప్పింది. ఆటల యాప్‌లో పరిచయమైన ఒకడు కెమెరా పెట్టమని వేధిస్తున్నాడని. ఆ ఆయమ్మకు పాప మీద ప్రాణం. అయినా రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత అడిగితే, “నేను జెప్తే నా మీదికే వస్తదేమో అనుకున్న సార్. కొలువు పోతే ఏం తినాలె?” అంది. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అదే బడిలో కొద్ది నెలల ముందు నేను శిక్షణ ఇచ్చాను. హాలులో టీచర్లు మాత్రమే ఉన్నారు. బస్సులు కడుగుతున్న డ్రైవర్లు, క్లీనర్లు, వరండా ఊడుస్తున్న ఆయమ్మలు కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లను లోపలికి పిలవాలన్న ఆలోచన నాకు రాలేదు.

మన ప్రాంతంలో పిల్లలు తెల్లవారి ఏడింటికే బస్సెక్కుతారు. టీచరుతో ఒంటరిగా మాట్లాడే సమయం వాళ్లకు దొరకదు. బస్సు ఆయమ్మతో, వాచ్‌మన్ తాతతో, మధ్యాహ్న భోజనం వండే అమ్మతో దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో పిల్లలతో నేరుగా పనిచేసే ప్రతి ఒక్కరూ ప్రభుత్వ భద్రతా మార్గదర్శకంలోని మొదటి భాగం చదవాల్సిందే. బడిలో ఒక సీనియర్ ఉద్యోగిని ఈ బాధ్యత కోసం పేరు పెట్టి నియమించాల్సిందే. మన ఆయమ్మలందరికీ చదువు రాకపోవచ్చు. వాళ్లకు కావలసింది పుస్తకం కాదు. పిల్ల చెప్పిన రోజే ఏ టీచరమ్మకు చెప్పాలో ఒక పేరు తెలియాలి, చెప్పినందుకు కొలువు పోదని యాజమాన్యం నోటితో వినాలి. ఇప్పుడు నేను ప్రైవేటు బడుల కరస్పాండెంట్లను శిక్షణకు రమ్మని అడిగేది ఆ ఒక్క మాట అందరి ముందు చెప్పించడానికే. రాననేవాళ్లూ ఉన్నారు. అక్కడ మిగతా శిక్షణ ఎంత బాగా జరిగినా నాకు తృప్తి ఉండదు.

4. సాక్ష్యాన్ని కాపాడాలి, పంచకూడదు.

ఒక పాప ఫొటో బయటికి వచ్చిందని తెలిసిన రోజు ఒక స్టాఫ్‌రూమ్‌లో జరిగింది చెబుతాను. ఒక టీచరు “ఇదెవరి పనో చూడండి” అంటూ ఆ ఫొటోను సిబ్బంది గ్రూపులో పెట్టారు. మంచి ఉద్దేశమే. సాయంత్రానికి అది ఎంతమంది ఫోన్లలో చేరిందో చెప్పలేం. ఆ పాపకు బెదిరించినవాడు చేసిన గాయం ఒకటైతే, తను రోజూ నమస్తే పెట్టే పెద్దలంతా ఆ ఫొటో చూశారన్నది మరో గాయం. రెండోదే ఎక్కువ కాలం నిలిచింది.

ఇక్కడ చట్టం కఠినంగా ఉంది, ఉండాలి కూడా. పిల్లల అశ్లీల చిత్రాన్ని పంపడం, ప్రచురించడం, డౌన్‌లోడ్ చేయడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 15వ సెక్షన్, పంచే ఉద్దేశంతో అటువంటి చిత్రాలను చెరపకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడాన్ని కూడా శిక్షిస్తుంది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సెక్షన్‌ను మరింత గట్టిగా నిలబెట్టింది. మంచి ఉద్దేశంతో పంపానన్న మాటను నమ్ముకుని ఎవరూ ఫార్వర్డ్ నొక్కకండి.

మరి ఏం చేయాలి? ఆ చిత్రాన్ని మీ ఫోన్‌లోకి తీసుకోవద్దు. పిల్ల ఫోన్‌ను పిల్ల తల్లిదండ్రుల దగ్గరే భద్రంగా ఉంచమనండి, పోలీసులు చూసేలోపు ఏదీ చెరిపేయవద్దనండి, రీసెట్ చేయవద్దనండి. వేధించినవాడి ఖాతా పేరు, లింకు, సందేశం వచ్చిన తేదీ, సమయం కాగితం మీద రాసి పెట్టండి. డబ్బు అడిగితే చెల్లించవద్దని చెప్పండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల మీద జరిగే ఇటువంటి నేరాలను పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. ఇక ఆ ఫొటో ఎక్కడెక్కడ తేలుతుందోనన్న భయానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే సంస్థ దాన్ని నడుపుతుంది. ఫొటోను ఎక్కడికీ పంపనక్కర్లేదు. పిల్ల ఫోన్‌లోనే దానికొక అంకెల గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి కంపెనీలకు చేరుతుంది, అవి తమ దగ్గర ఆ చిత్రం కనిపిస్తే తీసేస్తాయి. ఈ ఒక్క సంగతి విన్నప్పుడు పిల్ల ముఖంలో కొంచెం ప్రాణం రావడం నేను చూశాను.

5. విచారణ మన పని కాదు.

మన హెచ్‌ఎంలకు ఒక అలవాటు. ఏదైనా జరగగానే పిల్లను, పిల్లవాణ్ణి, రెండువైపుల తల్లిదండ్రులను గదిలోకి పిలిచి పంచాయితీ పెడతారు. ఊరి పెద్దమనుషులు వచ్చి కూర్చుంటారు. “ఆడపిల్ల బతుకు, బయటికి పోనీయకండి” అంటారు. నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు అలాంటి పంచాయితీకి ఒకసారి నేనే కుర్చీలు వేయించాను. బడి పరువు కాపాడానన్న తృప్తి కూడా కొంతకాలం ఉండింది. తప్పు చేసినవాడు మరుసటి ఏడాది ఇంకో పిల్ల జోలికి పోయాడని తెలిసిన రోజున ఆ తృప్తి పోయింది.

2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు తెలియజేయాలి. ఫోన్ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా పిల్లల వెంట పడటం, ఫొటోలతో బెదిరించడం కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలు. సదుద్దేశంతో చెప్పినవాళ్లకు 19వ సెక్షనే రక్షణ ఇస్తుంది. రుజువులు వెతికి చెప్పాల్సిన పని లేదు.

తల్లిదండ్రులు భయపడేది పోలీస్ స్టేషన్‌కు. వాళ్లకు ఈ సంగతులు నిదానంగా చెప్పండి: పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లోనో, పిల్ల కోరుకున్న చోటో తీసుకోవచ్చు. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి. యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్ల పేరు, ఊరు, బడి పేరు పత్రికల్లో రాకూడదు. పిల్లల కోసం 1098 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. అలియాబాద్ దాపునే, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దాని గేటు ముందు నుంచి రోజూ బడి బస్సులు పోతుంటాయి. ఆ బస్సుల్లో కూర్చున్న టీచర్లలో ఎంతమందికి 19వ సెక్షన్ తెలుసు అన్న ఆలోచన నన్ను వదలదు.

ఒక మాట మాత్రం కలపాలి. పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకున్న ప్రతి సందేశమూ నేరం కాదు. అటువంటివి బడిలోనే, తల్లిదండ్రులతో కలిసి, ఓపికగా సరిదిద్దాలి. ఏది ఏదో తేల్చుకోలేనప్పుడు 1098కి ఫోన్ చేసి అడగడంలో నామోషీ లేదు.

6. ముందు మన ఫోన్లు చక్కబడాలి.

పిల్లలకు ఫొటోలు పెట్టవద్దని చెప్పే బడే వార్షికోత్సవం నాడు వాళ్ల ఫొటోలు పేర్లతో, తరగతితో సహా ఫేస్‌బుక్‌లో పెడుతుంది. మామూలు ఫొటోను తీసుకుని కృత్రిమ మేధతో నగ్నచిత్రంగా మార్చే పరికరాలు వచ్చిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. అడ్మిషన్ల సీజన్‌లో ఈ మాట చెబితే యాజమాన్యాలకు నచ్చదు. అయినా చెబుతాను.

ఇంకొకటి, ఇది కొంచెం కటువుగా ఉంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత విద్యార్థికి విడిగా మెసేజ్ పెట్టే టీచరు ఎంత మంచివాడైనా ఆ పని మానాలి. పాఠం గురించైతే గ్రూపులో, తల్లిదండ్రుల నంబరు ఉన్నచోట అడగాలి. పిల్లలను వలలో వేసుకునేవాడు కూడా మొదట మంచి మాస్టారులాగే మాట్లాడతాడు. మనమే ఆ అలవాటు చేస్తే పిల్ల తేడా ఎలా తెలుసుకుంటుంది?

7. మగపిల్లవాడు చెప్పడు, బడి మానేస్తాడు.

పదో తరగతిలో బాగా చదివే పిల్లవాడొకడు ఉన్నట్టుండి రావడం తగ్గించాడు. ప్రీ-ఫైనల్‌కు రాలేదు. అందరి ముందు నిలబెట్టి మందలించాను. తర్వాత బయటపడింది: అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసిన ఎవరో దాన్ని రికార్డు చేసి, నెలలుగా డబ్బు గుంజుతున్నారు. వాడు నాన్న ఫోన్‌పే నుంచి కొంచెం కొంచెంగా పంపుతూ వచ్చాడు. ఆడపిల్లల భద్రత గురించి ఎంతో మాట్లాడిన నేను, మగపిల్లవాడు కూడా ఇలా చిక్కుకుంటాడని ఊహించలేదు. పోక్సో చట్టానికి ఆడా మగా తేడా లేదు, 18 ఏళ్ల లోపు ఎవరైనా పిల్లలే. హాజరు పడిపోవడం, ఫోన్ మోగగానే ఉలిక్కిపడటం, ఇంట్లో డబ్బు మాయం కావడం, స్నేహితులకు దూరం కావడం - ఇవి కనిపించినప్పుడు మందలింపు ఆపి, పక్కన కూర్చోండి. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో దిగిన పిల్లల్లోనూ ఇవే గుర్తులు కనిపిస్తాయి.

8. పిల్లల సంగతి పిల్లలకే ముందు తెలుస్తుంది.

2021-22లో తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి ‘సైబర్ కాంగ్రెస్’ నడిపాయి. జిల్లాకు 50 చొప్పున 33 జిల్లాల్లో 1,650 ప్రభుత్వ బడులు. బడికి ఇద్దరు విద్యార్థులు, వాళ్లకు తోడుగా ఒక ఉపాధ్యాయుడు. 3,300 మంది పిల్లలు సైబర్ అంబాసిడర్లయ్యారు. పిల్లల నోటికి మైకు ఇవ్వడం, పక్కన ఒక టీచరును నిలబెట్టడం, ఈ రెండూ కలిపి చేయడం నాకు నచ్చింది. తోటిపిల్ల కష్టం బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తెలిసినంత తొందరగా మనకు తెలియదు. ఆ బెంచీకీ మనకూ మధ్య ఒక దారి వేసింది ఆ కార్యక్రమం.

కానీ అప్పుడు ఎనిమిదిలో, తొమ్మిదిలో ఉన్న ఆ పిల్లలు పదో తరగతి ముగించి వెళ్లిపోయారు. 2024 వేసవి తర్వాత జరిగిన బదిలీల్లో టీచర్లు కూడా చాలామంది బడులు మారారు. తర్వాతి జోడీని తయారుచేయడం బడి పని. ప్రభుత్వం మళ్లీ పిలిచేదాకా ఆగనక్కర్లేదు.

9. శిక్షణకు గడువు తీరుతుంది.

యాప్‌లు ఏటా మారతాయి, డ్రైవర్లు ఏడాది మధ్యలో మారతారు, ఆయమ్మలు మారతారు. ఒకసారి హాజరై సంతకం పెట్టిన శిక్షణ మరుసటి ఏటికి పనికి రాదు. జూన్ 12న బడి తెరిచిన వారంలో ఒక పూట, దసరా సెలవుల తర్వాత ఒక గంట, మధ్యలో కొత్తగా ఎవరు చేరినా వాళ్లకు విడిగా ఒక అరగంట పెట్టమని అడుగుతున్నాను. ఆఫీసు గోడకూ, బస్సులో డ్రైవరు వెనకాలా, వంటగది తలుపుకూ ఒక కాగితం అంటించమంటున్నాను. అందులో 1098, 1930, స్థానిక పోలీస్ స్టేషన్ నంబరు, బడిలో ఈ బాధ్యత తీసుకున్న టీచరు పేరు ఉండాలి. తెలుగులోనే కాదు, ఒడిశా, బీహార్ పిల్లలు ఉన్నచోట ఒడియాలోనూ హిందీలోనూ.

నంబర్లు రాయడం సులువు, చాలా బడుల్లో ఆ టీచరు పేరు దగ్గరే పని ఆగిపోతుంది. అదనపు పని అని, పోలీసులతో ఎందుకని సీనియర్లు వెనకాడతారు. ఈ జూన్‌లో మీ స్టాఫ్ మీటింగ్‌లో ఆ పేరు ఎవరిదని అడగండి. ఎవరూ ముందుకు రాకపోతే మీ పేరు రాయించుకోండి. కొత్తగా చేరాం, మాకేం తెలుసు అనుకోవద్దు. పిల్లలు వాడే యాప్‌లు మాకంటే మీకే బాగా తెలుసు. చట్టం గురించి సందేహం వస్తే అడగడానికి మాలాంటివాళ్లం ఇక్కడే ఉన్నాం.